తినే వచ్చాం

కాల్గరీ,
28 జనవరి 2024

చిరంజీవి నీరజకి అత్త దీవెనలు.

నీకు ఫోన్ చేస్తే "అత్తా, మీటింగ్‌లో ఉన్నా" అంటావు. మీటింగ్ లేనప్పుడు చేస్తే మాటా మాటా పెరిగి ఇద్దరం అరుచుకుంటాం, మీ మామయ్య టీవీ సౌండ్ పెంచుకుంటారు. అందుకని ఇకమీదట ఉత్తరమే. కాగితం మీదైతే నువ్వు నా మాటకి అడ్డు రాలేవు. నువ్వు కూడా ఉత్తరమే రాయి. ఆఫీసు స్టాంపులు మాత్రం వాడకు, నాకు నచ్చదు.

ఈ నెల చలికి మా కారు మొరాయించి, స్కూలుకి నడిచే వెళ్ళాను. కనురెప్పల మీద మంచు కట్టింది. అయినా బ్రేక్‌ఫాస్ట్ గది ఒక్క పూట కూడా మూయలేదు. నువ్వు మా ఇంట్లో ఉండి చదువుకునే రోజుల్లో ఒకసారి వచ్చి చూశావు కదా, జిమ్ పక్కన, విరిగిన కుర్చీలు పడేసే గది. అదే. ఇప్పుడు దానికో పెద్ద ఫ్రిజ్, రెండు టోస్టర్లు వచ్చాయి. మధ్యాహ్నం లంచ్‌రూమ్‌లో పిల్లల్ని చూసుకోవడం నా ఉద్యోగం. పొద్దున ఈ గది నా ఇష్టం కొద్దీ చేసేది. టోస్టు, ఉడికించిన గుడ్లు, ఓట్స్, పాలు, అరటిపళ్ళు. ఒకసారి ఉప్మా చేసి పట్టుకెళితే ప్రిన్సిపాల్ చేతులు జోడించినంత పని చేసింది. అందులో జీడిపప్పు ఉందిట, ఎవరికో పడదుట. ఆ రూలు మంచిదే, కాదనను. కానీ ఉప్మా పోయిందే అని ఇప్పటికీ నా బాధ.

అసలు సంగతికి వస్తాను. ఈ గదిని నడిపిస్తున్న దాతల సంస్థ జూన్ తరవాత డబ్బు ఇవ్వలేమని చెప్పేసింది. ప్రభుత్వం ఆదుకోకపోతే, బళ్ళు తెరిచే సెప్టెంబర్‌లో ఆ గదిలో మళ్ళీ విరిగిన కుర్చీలే. మీ ఎమ్మెల్యే మేడమ్ బడుల్లో బ్రేక్‌ఫాస్ట్ కోసం బిల్లు పెడుతోందని మీ మామయ్య పేపర్లో చూసి చెప్పారు. నా మేనకోడలు ఆ ఆఫీసులోనే ఉందని నాకు ఛాతీ పొంగింది. మరి నాకు నువ్వే ఎందుకు చెప్పలేదని ఒళ్ళు కూడా మండింది.

మన వీధి చివర బేస్‌మెంట్‌లో ఉండే మార్తా గుర్తుందా, నరసాపురం వాళ్ళు? నర్సింగ్ హోమ్‌లో డ్యూటీకి చీకటితోనే వెళ్ళిపోతుంది. మొగుడు కృపాదానానికి వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టు, ఇల్లు చేరేసరికి పిల్లలు బడిలో ఉంటారు. క్రిస్టో, హోప్ ఇద్దరూ వాళ్ళంతట వాళ్ళే లేచి, తాళం వేసుకుని, చేతులు పట్టుకుని నడిచి వస్తారు. ఆ గదిలో వాళ్ళు తినే రెండు టోస్టులే మధ్యాహ్నం దాకా వాళ్ళకి ఆధారం. చట్టంలో రాసేస్తే ఇక ఎవరూ తీసేయలేరు కదా. ఆ పనేదో చూడు.

నీ
సుందరి అత్త


ఎడ్మంటన్,
10 ఫిబ్రవరి 2024

అత్తకి నీరజ నమస్కారాలు. మామయ్యకి ఇంకో రెండు, టీవీ సౌండ్ పెంచుతున్నందుకు.

బిల్లు సంగతి చెప్పకూడదని కాదు, ఎక్కడ ఆగిపోతుందో అన్న భయం కొద్దీ చెప్పలేదు. ఇక్కడ ఎమ్మెల్యే అంటే మన ఊళ్ళోలాగా వెనక పది కార్లు ఉండవు. మా మేడమ్ కారు ఆవిడే తోలుకుంటుంది, మంచు ఆవిడే గీక్కుంటుంది. పైగా మాది ప్రతిపక్షం. మేం బిల్లు పెడితే అవతలివాళ్ళలో కొందరైనా చెయ్యెత్తాలి.

మేం రాసింది చాలా సింపుల్‌గా ఉండేది. ఏ బడి అడిగితే ఆ బడికి పొద్దున తిండి ఖర్చు ప్రభుత్వం ఇవ్వాలి. అంతే. కానీ అవతలివాళ్ళు, ఉన్నవాళ్ళ పిల్లలకి మేమెందుకు పెట్టాలి అన్నారు. 'అవసరమున్న విద్యార్థులకు' అని ఒక మాట చేర్చితే ఆలోచిస్తామన్నారు. మేడమ్ ఒప్పుకుంది. నేనూ సరేనన్నాను. ఒక్క మాటే కదా. ఇప్పుడు కొన్ని బడుల్లో అవసరం ఎంతుందో తెలుసుకోవడానికి తల్లిదండ్రులకి ఒక సర్వే పంపిస్తున్నారు. మీ స్కూలు పేరు నేనే ఇప్పించాను. నువ్వు చేయాల్సిందల్లా అందరూ నిజం రాసేలా చూడటమే.

ఇక్కడ నాకు బస్సు కోసం నిలబడి కాళ్ళు కొయ్యబారుతున్నాయి. అద్దె గదిలో హీటర్ రాత్రంతా దగ్గుతుంది. తింటున్నాను. ఆ ప్రశ్న అడగడం కోసం ఇంకో ఉత్తరం రాయకు.

నీరజ


కాల్గరీ,
25 ఫిబ్రవరి 2024

నీరజా,

దీవెనలు ముందే ఇచ్చేస్తున్నాను. తరవాత ఇచ్చే ఓపిక ఉంటుందో లేదో.

మీ సర్వే వచ్చింది. ఎవరు రాశారమ్మా దాన్ని? "మీ బిడ్డ ఆకలితో బడికి వస్తున్నారా? ఎంత తరచుగా?" ఇదా అడిగేది? ఏ తల్లి అవునని గీత పెడుతుంది? ఆ కాగితం మా స్కూల్లో దాదాపు అన్ని ఇళ్ళ నుంచీ 'లేదు' అనే తిరిగొచ్చింది. పంజాబీ వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, సోమాలియా వాళ్ళు, మనవాళ్ళు, అందరిదీ ఒకటే జవాబు. పొద్దున నా గదిలో కూర్చోడానికి చోటు చాలక కిటికీ గట్టు మీద ఎక్కి తినే పిల్లల తల్లులే ఆ గీతలు పెట్టింది.

మార్తా గేటు దగ్గర నన్ను పక్కకి పిలిచింది. "ఆంటీ, ఇది రాస్తే సోషల్ వర్కర్ వస్తారా? ఇక్కడే ఉండిపోవడానికి పెట్టుకున్న మా పీఆర్ ఫైలు మీద ఏమన్నా రాస్తారా?" అంది. అలాంటిదేం లేదు మార్తా, నిజం రాయి అన్నాను. "నిజమేనాంటీ, ఇంట్లో బ్రెడ్డు, గుడ్లు ఉంటాయి కదా. లేవని ఎట్టా రాస్తాను?" అంది. దాని మాటా నిజమే. గుడ్లు ఉన్నాయి. ఉడికించి పెట్టే మనిషే ఆ వేళకి ఇంట్లో ఉండదు. మీ కాగితంలో దానికి గడి ఏదీ?

ఆ 'అవసరం' అన్న మాట పీకి పారేయించు. ఒక్క మాటే కదా అంటున్నావు. ఒక్క మాటే అయితే తీసేయడానికి మీకంత కష్టమేమిటి?

అత్త


ఎడ్మంటన్,
6 మార్చి 2024

అత్తా,

నాకు తలకొట్టేసినట్టయింది.

మీ స్కూలు సర్వే కమిటీకి వచ్చింది. అవతలి సభ్యుడొకాయన అది మేడమ్ ముందు పెట్టి, మీరు ఆకలి అంటున్న బడి ఇదేనా అని నవ్వాడు. మేడమ్ నన్ను పిలిచి, "నీరజా, మీ ఆంట్ కొంచెం ఎక్కువ చేసి చెబుతున్నారా?" అని అడిగింది. లేదనే అన్నాను. కానీ నిజంగానే నాకూ ఒక క్షణం అనుమానం వచ్చింది. నీ సంగతి నాకు తెలుసు. పెళ్ళికి యాభై మంది వస్తారంటే వందమందికి వండిస్తావు. పిల్లలు ఇంకో టోస్టు అడిగితే నీకది ఆకలిలాగే కనిపిస్తుంది.

కోప్పడకు. కాగితం మన పక్షాన లేదు, కనీసం మనిషైనా ఉండాలి. ఈ నెల పంతొమ్మిదిన కమిటీ విచారణ ఉంది. ఎవరైనా ఒక తల్లి వచ్చి రెండు నిమిషాలు మాట్లాడితే చాలు. మార్తా ఆంటీని తీసుకురా. ఆవిడ మాట్లాడితే వింటారు. సొంత సంగతులు అడగనివ్వను. ఆ గది పిల్లలకి ఎలా ఉపయోగపడుతోందో చెబితే చాలు. మాటిస్తున్నాను. నువ్వు ఆ మాట తీసేయించమన్నావు, ఈ దశలో దాన్ని తీస్తే బిల్లే ఉండదు. అర్థం చేసుకో.

నీరజ


ఎడ్మంటన్,
20 మార్చి 2024

అత్తా,

ఈ ఉత్తరం రాయకుండా ఉంటే మంచిదని నాకూ తెలుసు. అయినా రాస్తున్నాను, లేకపోతే ఆఫీసులో ఎవరి మీదో విరుచుకుపడతాను.

నువ్వు ఆవిడకి ఏం చెప్పి తీసుకొచ్చావు? దారి పొడుగునా కారులో మూడు గంటలు కూర్చున్నారు కదా, ఒక్కసారైనా ఏం మాట్లాడాలో అనుకోలేదా? ఆ నెరిసిన మీసాల సభ్యుడు రూలుకి విరుద్ధంగా సొంత ప్రశ్నే అడిగాడు, ఒప్పుకుంటాను. మేడమ్ అడ్డుపడేలోగానే అడిగేశాడు. "మీ పిల్లలు ఆకలితో బడికి వెళ్తారా అమ్మా?" అని, అదీ ఎంతో మర్యాదగా. మార్తా ఆంటీ నిటారుగా కూర్చుని, మైకు దగ్గరికి జరిగి, "నో సర్. మై చిల్డ్రన్ ఈట్ ఎట్ హోమ్ అండ్ గో" అంది. ఆయన థాంక్యూ చెప్పి పెన్ను మూసేశాడు. ఆవిడ వెనక కుర్చీలో హోప్ కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని ఉంది. నేను నేలకేసి చూస్తూ ఉండిపోయాను.

మీ స్కూలు గది కోసమే కదా అత్తా ఇదంతా. మనం తెచ్చిన సాక్షే మన బిల్లుని ముంచేసింది. అది సభ రికార్డులో ఎప్పటికీ ఉంటుంది. నువ్వేమో పక్కనే కూర్చుని ఒక్క మాట అనలేదు. ఇల్లంతా వినిపించే నీ నోరు అప్పుడే మూగబోయిందా?

బయటికి వచ్చాక మీరంతా నాతో మాట్లాడకుండానే కారెక్కారు. మామయ్య ఒక్కరే చెయ్యి ఊపారు.

నీరజ


కాల్గరీ,
26 మార్చి 2024

నీరజా,

నా నోటి సంగతి సరే. నీ చేతి సంగతి మాట్లాడదాం.

ఆ రోజు మేం చీకటితో బయల్దేరాం. మార్తా ఆదివారం చర్చికి కట్టుకునే తెల్ల పట్టుచీర ఇస్త్రీ చేయించుకుని కట్టుకుంది. పిల్లలకి తల నున్నగా దువ్వింది. క్రిస్టోకి వాళ్ళ నాన్న టై కట్టింది. ఆకలని చెప్పుకోడానికి వెళ్ళేవాళ్ళు అలా తయారవుతారా? పెద్దల సభకి వెళ్తున్నాం అనుకుంది పాపం. దారిలో ఆగి ఏదైనా తిందామా అన్నాను. "వద్దాంటీ, తినే వచ్చాం" అంది. మీరేమైనా తింటారా అని అది మమ్మల్ని అడిగితే, మేమూ తినే వచ్చామన్నాం. మీ మామయ్య కూడా అదే పాట. నేను రెండోసారి అడిగాను, మూడోసారి గట్టిగా అడిగేసరికి సగం దారిలో ఉండే రెడ్ డీర్ ఊరు దాటిపోయాం, ఇక ఆగితే ఆలస్యమవుతుందన్నారు. కారులో ఐదుగురం. ఐదుగురమూ తినే వచ్చాం. ఒక్కరి కడుపులోనూ ఏమీ లేదు.

అక్కడ వరండాలో నువ్వు మఫిన్ల డబ్బా పట్టుకుని ఎదురొచ్చావు. నిన్ను చూసి ప్రాణం లేచొచ్చింది. "ఆంటీ, బ్రేక్‌ఫాస్ట్ చేశారా?" అని అడిగావు. మార్తా, "చేసే వచ్చామమ్మా" అంది. నువ్వు "ఓ, గుడ్" అని మూత పెట్టి డబ్బా నీ కుర్చీ కింద పెట్టేశావు. హోప్ ఆ డబ్బా కేసి చూసిన చూపు నువ్వు చూడలేదు, నేను చూశాను. మన ఇళ్ళల్లో పుట్టి పెరిగినదానివి, మనవాళ్ళని తిన్నారా అని ఒక్కసారి అడిగి వదిలేస్తావా? అడగడమే తప్పు. చేతిలో పెట్టాలి. నువ్వు వరండాలో అడిగావు, ఆయన మైకులో అడిగాడు. ఇద్దరికీ ఒకటే జవాబు వచ్చింది. మరి ఆయన మీదా మార్తా మీదా కోపమెందుకు?

నువ్వు కాకినాడ నుంచి వచ్చి మా ఇంట్లో దిగిన రోజున ఏమన్నావు? "ఫ్లైట్‌లో తిన్నా అత్తా, ఆకలి లేదు" అన్నావు. నేను నీతో వాదించలేదు. కంచం పెట్టి చారు పోశాను. మళ్ళీ పోయించుకున్నావు, ఆ తరవాత మళ్ళీ పోయించుకున్నావు. ఆ రోజు నీకొక సర్వే కాగితం ఇచ్చుంటే ఏ గడిలో గీత పెట్టేదానివో చెప్పు.

ఇది చెప్పాలని ఉత్తరం మొదలుపెట్టలేదు. ఇంతకంటే పెద్ద సంగతి ఉంది. ఆ రోజు నుంచి క్రిస్టో, హోప్ నా గదికి రావడం మానేశారు. వచ్చి బయట గోడవార నిలబడుతున్నారు, గంట కొట్టేదాకా. నేను తలుపు తీసి పిలిస్తే క్రిస్టో, బడి పిల్లలందరూ నన్ను పిలిచే పేరుతోనే, "అయాం గుడ్, మిస్ బాలా. వియ్ ఏట్ ఎట్ హోమ్" అంటున్నాడు. తల్లి నేర్పిన మాట. మార్తాని అడిగితే, "ఆంటీ, సర్కారు ముందు ఇంట్లోనే తింటారని చెప్పాను. రాసుకున్నారు కూడా. ఇప్పుడు అక్కడ తింటే నేను అబద్ధం ఆడినట్టు కాదా?" అంది. మీ చట్టం పిల్లలకి తిండి పెట్టడం మాట దేవుడెరుగు, తింటున్న ఇద్దరి నోటి దగ్గరిది తీసేసింది. నిన్న మంచు పడుతుంటే హోప్ గోడకి అంటుకుపోయి నిలబడింది. టోస్టు పట్టుకుని బయటికి వెళ్ళాను. పుచ్చుకోలేదు. ఆ టోస్టు అలా చేత్తో పట్టుకునే లోపలికి వచ్చేశాను.

నాకు నీ మీద కోపంగా ఉంది, మీ మేడమ్ మీద కోపంగా ఉంది, ఆ మీసాలాయన మీద కోపంగా ఉంది. మార్తా మీద కూడా ఉంది. ఎవరి మీద చూపించాలో తెలియక మీ మామయ్యని కసిరాను.

అత్త


ఎడ్మంటన్,
7 ఏప్రిల్ 2024

అత్తా,

నీ ఉత్తరం చదివి ఆ మఫిన్లు గుర్తొచ్చి నాకు నా మీదే అసహ్యం వేసింది. ఆ డబ్బా సాయంత్రం ఆఫీసులో పంచిపెట్టాను. ఎవరూ తిన్నామని అనలేదు, తలా ఒకటి తీసుకున్నారు.

బిల్లు పోయింది. అవసరం రుజువు కాలేదు కాబట్టి ముందుకు తీసుకెళ్ళనక్కర్లేదని కమిటీ రాసింది, సభ కూడా దానికే చెయ్యెత్తింది. మేడమ్ అరగంట విచారంగా కూర్చుని, తరవాత రోడ్ల గుంతల మీద ప్రశ్న తయారు చేయమంది. వచ్చే ఏడాది మళ్ళీ పెడదాం అంటోంది. కొత్త డ్రాఫ్టులో నేను ఒక వాక్యం రాసి పెట్టాను. ఏ బడిలోనూ ఏ బిడ్డనీ నీకు అవసరమా అని అడగకూడదు, తలుపు తీసి ఉంచాలి అని. దాన్ని ఎవరు ఉంచుతారో, ఎవరు కొట్టేస్తారో తెలియదు. మీ గదికి మాత్రం ఈ సెప్టెంబర్‌లోగా నేను చేయగలిగింది ఏమీ లేదు. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

కానీ అత్తా, నువ్వు నన్ను ఇన్ని అడిగావు. నేనొకటి అడుగుతాను.

నేను మీ ఇంట్లో ఉన్న రెండేళ్ళూ మార్తా ఆంటీ క్రిస్మస్‌కి కేకు తెచ్చేది. గుమ్మంలోనే "ఎందుకమ్మా శ్రమ" అని తీసుకునేదానివి. ఆ కేకు మామయ్య ఆఫీసుకి వెళ్ళేది. మన ఇంట్లో ఎవరూ ముక్క కూడా తుంచలేదు. ఆవిడ వాళ్ళింటికి పిలిస్తే మనిద్దరం వెళ్ళాం, సోఫా అంచున కూర్చున్నాం. ప్లేటు తీసుకొస్తే నువ్వేమన్నావో గుర్తుందా? "ఇప్పుడే తినే వచ్చాం మార్తా." ఆ రోజు మనం ఏమీ తినలేదు. ఇంటికొచ్చి పెరుగన్నం కలుపుకున్నాం. శాకాహారం అంటావు. కేకులో గుడ్డు ఉంటుందంటావు. స్కూల్లో రోజూ గుడ్లు ఉడకబెట్టేది ఎవరు? మనం ఎవరింట్లో తింటాం, ఎవరింట్లో తినం అన్నది ఆవిడకి నరసాపురంలోనే తెలుసు. ఇక్కడ కొత్తగా నేర్చుకోలేదు.

నువ్వు ఎప్పుడూ పెట్టే చెయ్యివే. ఆవిడకి పెట్టే అవకాశం నువ్వు ఒక్కసారీ ఇవ్వలేదు. అలాంటప్పుడు ఆవిడ ఎంతకాలమని తీసుకుంటుంది?

కోపం వస్తే రానీ.

నీరజ


కాల్గరీ,
13 ఏప్రిల్ 2024

నీరజా,

నీ ఉత్తరం అందింది. మీ మామయ్యకి చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "పిల్ల బాగా రాస్తోంది" అన్నారు.

ఉగాది పచ్చడి ఈసారి చేదు ఎక్కువైంది.

అత్త


కాల్గరీ,
22 ఏప్రిల్ 2024

చిరంజీవి నీరజకి,

నిన్ను తిట్టడానికి మూడు ఉత్తరాలు మొదలుపెట్టి చింపేశాను. చదువుకున్నదానివని పెద్దదాన్ని పట్టుకుని అలా రాయొచ్చా అని ఒకదాంట్లో రాశాను. రాయొచ్చు అనిపించి చింపేశాను. ఇంకా మంట తగ్గలేదనుకో.

శనివారం పొద్దున లేచి కాఫీ తాగలేదు. కాఫీ లేకపోతే నా తల ఎలా బద్దలవుతుందో నీకు తెలుసు. మీ మామయ్య ఒంట్లో బాగాలేదా అని నుదురు పట్టుకు చూశారు. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని, కరిగీ కరగని మంచులో వీధి చివరికి నడిచాను. మార్తాకి ఆ రోజు సెలవు. తలుపు తీసి నన్ను చూసి కంగారు పడింది. "రండాంటీ, కూర్చోండి. క్రిస్టో, ఆ బట్టలు తియ్యి. టీ పెడతాననేదాన్ని, మీరు తినే వచ్చుంటారు కదా" అంది.

మెట్లు దిగుతూ నేను ఏమేమో అనుకుని వెళ్ళాను. చెప్పాల్సిన మాటలు వరుసగా పెట్టుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"లేదు మార్తా. ఏమీ తినలేదు. ఆకలేస్తోంది" అన్నాను.

అది అలా నిలబడిపోయింది. నేను వేళాకోళం ఆడుతున్నాననుకుందేమో. నా మొహం చూసి లోపలికి వెళ్ళింది. కృపాదానం నిద్ర మొహంతో లేచి వచ్చి కుర్చీ వేశాడు. వంటిల్లంటే గది మూలే కదా, అన్నీ కనిపిస్తున్నాయి. రాత్రి మిగిలిన అన్నం ఉంది. పోపు వేద్దామని మూకుడు తీసి, మళ్ళీ ఆగి, "ఆంటీ, ఇందులో నిన్న చేపలు వండాను. వేరేది లేదు" అంది చిన్న గొంతుతో. "కడిగావు కదా" అన్నాను. కడిగిందే మళ్ళీ తోమింది. పచ్చిమిరపకాయలు, ఆవాలు, కరివేపాకు కాడతో సహా వేసింది. పోపు ఘాటుకి పిల్లలిద్దరూ తుమ్మారు.

కంచం నా ముందు పెట్టింది. మొదటి ముద్ద మంచినీళ్ళతో మింగిన మాట నిజం. నీ దగ్గర దాచడమెందుకు. రెండో ముద్దకి ఆకలి తప్ప ఇంకేం గుర్తులేదు. ఉప్పు ఒక పిసరు తక్కువైంది, అడిగి వేయించుకున్నాను.

హోప్ నా ఎదురుగా గడ్డం కింద చేతులు పెట్టుకుని కూర్చుంది. "మిస్ బాలా, ఆర్ యూ హంగ్రీ?" అంది.

"యెస్" అన్నాను.

"వెరీ హంగ్రీ?"

"వెరీ."

అది వాళ్ళమ్మ కేసి చూసింది. తిడుతుందేమోనని చూసింది. మార్తా పొయ్యి కేసి తిరిగింది. అప్పుడు చాలా మెల్లిగా, నాకొక్కదానికే వినపడేటట్టు, "మీ టూ" అంది.

అంతే నీరజా. కోట్లు వేసుకున్నవాళ్ళు మైకులు పెట్టుకుని అడిగితే రాని మాట ఇది. సర్వే కాగితంలో గడులు గీసి అడిగితే రాని మాట. ఒక పెద్దది సిగ్గు లేకుండా నాకు ఆకలేస్తోంది అనగానే వచ్చేసింది. మార్తాకీ వినపడిందేమో, ఇంకో రెండు కంచాలు తీసింది. అందరం తిన్నాం. అది పొయ్యి దగ్గరే నిలబడి మా వైపు చూస్తూ, కొంగుతో మొహం తుడుచుకుంటూ, "ఆంటీ, ఇంకొంచెం" అని మూడుసార్లు అడిగింది. వద్దంటే వినలేదు. అడగడమంటే అలా అడగాలి.

వచ్చేటప్పుడు గుమ్మంలో చెప్పాను. "మీ ఇంట్లో నేను తిన్నాను. ఇక నా గదిలో మీ పిల్లలు తినకపోతే నన్ను చిన్నబుచ్చినట్టే." అది, "మీరు మళ్ళీ వస్తారా?" అంది. వస్తానన్నాను.

ఈ పొద్దున ఇద్దరూ వచ్చారు. గోడవార ఆగలేదు. హోప్ చేతిలో ఒక డబ్బా ఉంది. "మమ్మీ సెడ్ యూ హావ్ టు ఈట్ దిస్" అని నా చేతిలో పెట్టింది. మళ్ళీ పోపన్నమే, ఈసారి ఉప్పు సరిపోయింది. జీడిపప్పు వేయలేదు. టోస్టర్ పక్కన నిలబడి అందరు పిల్లల ముందూ తిన్నాను. ప్రిన్సిపాల్ తలుపులోంచి చూసి తన దారిన వెళ్ళిపోయింది.

మంచి జరిగిపోయిందని నీకు రాయడం లేదు. జూన్ వస్తోంది. కిటికీ గట్టు మీద కూర్చునే పిల్లలందరి ఇళ్ళకీ వెళ్ళి నేను తినలేను. అది మీరు చేయాల్సిన పని, మీరు చేయలేదు. ఆ కోపం నాకు చల్లారదు, చల్లారాలని కూడా లేదు. కొత్త డ్రాఫ్టులో నువ్వు రాసిన ఆ వాక్యం మాత్రం ఎవరు కొట్టేసినా మళ్ళీ రాయి. పదిసార్లు కొట్టేస్తే పదిసార్లు రాయి. ఆ మీసాలాయనకి మర్యాదగానే చెప్పు, మా అత్త ఆ రోజు మాట్లాడలేకపోయింది, ఈసారి పిలిస్తే మాట్లాడుతుంది అని. నాకు ఆకలి అని చెప్పడం వచ్చేసింది కాబట్టి ఇక ఏదైనా చెప్పగలను.

మీ మామయ్య ఆఫీసులో కోదండరామ్ రేపు పని మీద మీ ఊరు వస్తున్నాడు. అతని చేత గోంగూర పచ్చడి, కారప్పొడి, సున్నుండలు పంపిస్తున్నాను. తింటున్నావా అని అడగను. డబ్బా ఖాళీగా వెనక్కి పంపించు.

సుందరి అత్త